మాడ్యూళ్లు ఒకదాని కోసం ఒకటి ఆగిపోతే
పర్లాకిమిడిలోని మా ఇంటి కంప్యూటర్‌లో నేను రాసిన లినక్స్ సెన్సర్ డ్రైవర్ మాడ్యూల్ (కెర్నెల్‌లోకి విడిగా ఎక్కించే కోడ్ ముక్క) ఎక్కుతూ మధ్యలో నిలిచిపోయింది. మొదట, ఏ మాడ్యూల్ దేనిపై ఆధారపడిందో లెక్కగట్టే డెప్‌మాడ్ నడిపాను, ఒకదానిపై ఒకటి ఆధారపడే వలయమేదీ చూపలేదు. అక్కడే ఆగకండి, అది సింబళ్ల (మాడ్యూళ్లు ఒకదాన్నుంచి ఒకటి వాడుకునే ఫంక్షన్లు వగైరా పేర్ల) లెక్క మాత్రమే చూస్తుంది.

కెర్నెల్ తన స్థితిని చూపే ప్రాక్ ఫోల్డర్‌లోని మాడ్యూల్స్ ఫైలు తెరవండి. నా డ్రైవర్ పేరు పక్కన ‘లైవ్’ ఉండాల్సిన చోట ‘లోడింగ్’ కనిపించింది. తర్వాత నిలిచిపోయిన ప్రాసెస్ స్టాక్‌ను (ఏ ఫంక్షన్ దేన్ని పిలిచిందో చూపే జాబితాను) రూట్‌గా, అంటే అడ్మిన్ హక్కులతో చదవండి. అసలు గుట్టంతా అక్కడే ఉంటుంది. డ్రైవర్ ఎక్కేటప్పుడు నడిచే నా ఇనిట్ ఫంక్షన్, దాని మీద మరో మాడ్యూల్‌ను ఎక్కించమని అడిగే రిక్వెస్ట్ మాడ్యూల్! అంటే మొదటిదైన నా డ్రైవర్ తన పని ముగించకుండానే రెండో మాడ్యూల్‌ను పిలిచింది; రెండోదానికేమో మొదటిదాని ఫంక్షనే కావాలి.

ఆ పిలుపును, పనులను తర్వాత విడిగా నడిపే వర్క్‌క్యూకు మార్చవచ్చు. నేనైతే ఉమ్మడి ఫంక్షన్లను మూడో మాడ్యూల్‌లో పెట్టాను. అదే శుభ్రమైన దారి. డెప్‌మాడ్ మళ్లీ నడపడం మాత్రం మరవకండి.