ఇంగ్లిష్‌లో మన ‘ండ్రి’ ఎక్కడుంది?

హన్మకొండ బస్టాండ్‌లో "అన్నా, జర జరుగుండ్రి" అంటే ఎవరూ నొచ్చుకోరు. ‘జర’ అన్న చిన్న మాట, చివరి ‘ండ్రి’ కలిసి మర్యాదంతా మోస్తాయి. ఇంగ్లిష్ క్రియకు అలాంటి తోక లేదు. కూర్చో అన్నా, కూర్చోండి అన్నా ‘సిట్’ ఒక్కటే. ఆ లోటు తీర్చేది ‘ప్లీజ్’. ‘ఇఫ్ యు ప్లీజ్’, అంటే ‘మీకు ఇష్టమైతే’ లాంటి మాటలు కుదించుకుపోయి ఇలా మిగిలింది.

అయితే ప్లీజ్ తగిలిస్తే సరిపోతుందనుకోవద్దు. ‘ప్లీజ్ సెండ్ ది ఫైల్’ ఇంకా ఆజ్ఞే, కాస్త మెత్తటి ఆజ్ఞ. పెద్దవాళ్లను, కొత్తవాళ్లను ప్రశ్నగా అడగండి: ‘కుడ్ యు ప్లీజ్ సెండ్ ది ఫైల్?’ ఇక్కడ ‘కుడ్’ గతకాలం కాదు, ‘పంపగలరా’ అని అడగడం. కాదనే వీలు ఎదుటివారికి ఉంటుంది. ఇంటర్వ్యూలకు వెళ్లే మా కాజీపేట పిల్లలకు ముందు ఇదే చెప్తాను.

‘ప్లీజ్ కైండ్లీ’ అని రెండూ కలిపి రాయకండి, ఒకటి చాలు. ఎవరైనా టీ తాగుతారా అంటే ఉత్త ‘యెస్’ కాదు, ‘యెస్, ప్లీజ్’. వద్దనుకుంటే ‘నో, థాంక్యూ’.