ఐరన్ తింటున్నా ఒంటికి పట్టడం లేదా? ఫైటేట్ సంగతి చూడండి

పప్పులు, ముడి ధాన్యాలు, గింజలు రోజూ తింటూనే ఉన్నా రిపోర్టులో ఐరన్ తక్కువే వస్తోందని చాలామంది టెన్షన్ పడుతుంటారు. తిన్న ఐరన్ వేరు, రక్తంలోకి చేరిన ఐరన్ వేరు. మధ్యలో అడ్డుపడే వాటిలో ముఖ్యమైనది ఫైటేట్. గింజ తన మొలక కోసం ఫాస్ఫరస్‌ను దాచుకునే రూపం ఇది. ఒక్కో అణువుకు 6 ఫాస్ఫేట్లు అతుక్కుని ఉంటాయి, పేగులో ఐరన్, జింక్, కాల్షియం కనబడితే చాలు వాటిని పట్టేసుకుని కరగకుండా చేస్తుంది, ఇక అవన్నీ మలంతో బయటికి పోవాల్సిందే. ఫైటేట్‌ను విడగొట్టే ఎంజైమ్ ఫైటేజ్, అది మన పేగుల్లో ఉండీ లేనట్టే.

సమస్య: హిమోగ్లోబిన్ బాగానే ఉంది, నీరసం మాత్రం తగ్గట్లేదు

ముందు ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి. ఐరన్ నిల్వలు ఖాళీ అయ్యాకే హిమోగ్లోబిన్ పడిపోవడం మొదలవుతుంది కాబట్టి, అదొక్కటే చూసి ఐరన్ సరిపోతోందని అనుకోలేం. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 ng/mL కంటే తక్కువుంటే నిల్వలు అయిపోయినట్టే. ఒంట్లో ఇన్ఫెక్షన్, వాపు ఉన్నప్పుడు మాత్రం నిల్వలు లేకపోయినా ఇది ఎక్కువ చూపిస్తుంది, జాగ్రత్త.

కారణం: మొక్కల నుంచి వచ్చే ఐరన్‌ను ఫైటేట్ సులువుగా పట్టేసుకుంటుంది. మాంసంలోని హీమ్ ఐరన్ జోలికి పెద్దగా పోదు. భోజనంతో పాటే టీ, కాఫీ తాగితే ఇంకో దెబ్బ.

పరిష్కారం: అదే భోజనంలో విటమిన్ సి ఉండాలి. నిమ్మరసం, జామ, నారింజ, పచ్చి క్యాప్సికం ఏదైనా సరే. పొద్దున పండు తిని మధ్యాహ్నం పప్పు తింటే లాభం లేదు, రెండూ కడుపులో ఒకేసారి కలవాలి. నిమ్మరసాన్ని పొయ్యి మీద మరిగించకండి, దించాక పిండండి. టీ భోజనం అయ్యాక ఓ గంటైనా ఆగి తాగండి. ఇంత చేసినా ఫెరిటిన్ కదలకపోతే ఫైటేట్‌నే తిట్టుకుంటూ కూర్చోకండి. నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం, అల్సర్, నులిపురుగులు, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు), ఏళ్ల తరబడి వాడే ఎసిడిటీ మాత్రలు, వీటిలో ఏదైనా ఉందేమో డాక్టరు చూడాలి.

సమస్య: రుచి తెలియట్లేదు, పుండ్లు త్వరగా మానట్లేదు, పిల్లలు ఎదగట్లేదు

ఇవి జింక్ లోపం వల్ల కావచ్చు (వేరే కారణాలూ ఉండొచ్చు, రక్తపరీక్షలో జింక్ అంత నమ్మకంగా తేలదు). 1961లో డాక్టర్ ఆనంద ప్రసాద్ ఇరాన్‌లో ఎదుగుదల ఆగిపోయిన యువకుల గురించి రాశారు. వాళ్ల తిండి ఎక్కువగా పులియబెట్టని గోధుమ రొట్టే. అలాంటి పరిస్థితికి జింక్ లోపం కారణమని ఆ తర్వాత ఈజిప్టులో చేసిన పనిలో తేలింది.

చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. నిమ్మకాయ ఐరన్‌ను కాపాడుతుంది, జింక్‌ను కాపాడదు. జింక్ కావాలంటే ఫైటేట్‌నే తగ్గించాలి, లేదా గుడ్డు, మాంసం, పాలు లాంటివి జోడించాలి. భోజనంలో ఫైటేట్, జింక్ మోలార్ నిష్పత్తి (ఒక్కో జింక్ పరమాణువుకు ఎన్ని ఫైటేట్ అణువులన్న లెక్క) 15 దాటితే జింక్ పీల్చుకోవడం బాగా తగ్గుతుందని లెక్క.

సమస్య: రాత్రంతా నానబెడుతున్నా తేడా కనబడట్లేదు

కారణం ఏ గింజ నానబెట్టారన్నదే. గోధుమ, రై (గోధుమ లాంటి ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లో ఫైటేజ్ దండిగా ఉంటుంది, బియ్యం, మొక్కజొన్న, పప్పుల్లో తక్కువ. అందుకే చల్లటి నీళ్లలో పప్పు నానబెడితే ఫైటేట్ కొంత నీళ్లలోకి దిగుతుందేగానీ పెద్దగా విరగదు. గోరువెచ్చటి నీళ్లు వాడండి, కాస్త పులుపు తగిలించండి (ఫైటేజ్‌కు పీహెచ్ 5 చుట్టుపక్కల హాయి), ఆ నీళ్లు పారబోయండి. మొలకెత్తిస్తే ఇంకా మేలు, ఎందుకంటే మొలక తన ఫాస్ఫరస్ కోసం ఫైటేజ్‌ను తనే తయారు చేసుకుంటుంది. పిండి పులియబెట్టడంలోనూ జరిగేది దాదాపు ఇదే, కాస్త పులుపెక్కితే ఎంజైమ్ చురుగ్గా పనిచేస్తుంది. చిన్న చిట్కా: ఫైటేజ్ లేని పిండిలో కాస్త మొలకెత్తిన గోధుమ పిండి కలిపి నానబెడితే అరువు ఎంజైమ్ దొరుకుతుంది.

నేరుగా ఉడకబెడితే ఫైటేట్ పోతుందనుకోవడం పొరపాటు. వేడికి ముందు చచ్చేది ఎంజైమే, ఫైటేట్ గట్టి పిండం. ముందు నానాలి, తర్వాతే ఉడకాలి.

తవుడు తీసేస్తే సరిపోదా అంటారా? ఫైటేట్‌తో పాటు ఐరన్, జింక్, పీచు కూడా పోతాయి. పైగా ఫైటేట్ మూత్రపిండాల్లో కాల్షియం స్ఫటికాలు కట్టకుండా సాయపడుతుంది. నాకైతే తీసేయడం కంటే పులియబెట్టుకోవడమే నయమనిపిస్తుంది.

సమస్య: పాలకూర తెగ తింటున్నా కాల్షియం అందట్లేదు

ఇది ఫైటేట్ పని కాదు, ఆక్సలేట్ పని. ఉడికించి నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతుంది, కానీ కాల్షియానికి పాలకూర మీద ఆధారపడకండి.

సమస్య: ఐరన్ మాత్ర వేసుకుంటున్నా లెవెల్ పెరగట్లేదు

మాత్రను తవుడున్న రొట్టెతోనో, గింజల గంజితోనో మింగుతుంటే సగం పని అక్కడే చెడుతుంది. ఖాళీ కడుపున వేసుకోండి, కడుపు తిప్పితే ఫైటేట్ తక్కువున్న చిన్న చిరుతిండితో. కాల్షియం మాత్రను అదే సమయంలో వేసుకోకండి. అయినా నెలల తరబడి అంకె కదలకపోతే డోసు సంగతి డాక్టరుతో మాట్లాడండి, మీ అంతట మీరు పెంచుకోకండి.