బాంటమ్ కోళ్ళలో కొత్త రంగును నిలబెట్టడం: లావెండర్ కొచ్చిన్ ఉదాహరణగా

కాకి, డేగ, నెమలి, సేతువ, మైల అంటూ పందెం పుంజుల రంగులకు ఇన్ని పేర్లు పెట్టుకున్న తెలుగువారికి కోడి రంగును చూసే కన్ను కొత్తగా నేర్పనక్కరలేదు. అయితే పందెంలో ఒక్క పుంజు రంగు చూస్తే సరిపోతుంది. ప్రదర్శన కోళ్ళలో మాత్రం పుంజూ పెట్టా కలిసినప్పుడు పుట్టిన పిల్లలన్నీ అదే రంగులో, అదే జాతి తీరులో వచ్చినప్పుడే దానిని ఒక రంగు రకమని ఒప్పుకుంటారు. 1873లో ఏర్పడిన అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ 1874 నుంచి ప్రచురిస్తున్న ప్రమాణ గ్రంథం ప్రతి జాతికీ ఒడ్డూ పొడుగూ, బరువూ, ఈకల తీరూ, ఆమోదించిన రంగులూ నిర్దేశిస్తుంది. కొత్త రంగు తయారు చేయడమంటే, మిగిలినదంతా అలాగే ఉంచి రంగు ఒక్కటే మార్చడమన్న మాట. చెప్పినంత తేలిక కాదు.

బాంటమ్ అంటే చిట్టికోడి. అమెరికాలో ఎక్కువగా పెంచే, ఒళ్ళంతా మెత్తని ఈకలతో గుండ్రంగా ఉండే కొచ్చిన్ బాంటమ్‌లోకి లావెండర్ అనే లేత బూడిద నీలం రంగు తెచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తాను. ఇది ఇదివరకు ఎవరూ చేయనిది కాదు, లావెండర్ కొచ్చిన్‌లు ఇప్పటికే ఉన్నాయి. కానీ ఏ అంతర్గత (రిసెసివ్) లక్షణాన్ని ఒక జాతి నుంచి మరో జాతికి మార్చాలన్నా దారి ఇదే.

ముందుగా రంగును ఎంచుకోవాలి. బూడిద నీలంలో రెండు వేర్వేరు జన్యువులున్నాయి, చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలు బ్లూ పుంజును బ్లూ పెట్టతో జత కట్టిస్తే సగటున నాలుగో వంతు నల్లవి, సగం బ్లూ, నాలుగో వంతు మచ్చల తెల్లవి పుడతాయి, ఎన్ని తరాలు గడిచినా ఈ లెక్క మారదు. లావెండర్ అలా కాదు. అది అంతర్గత జన్యువు కనుక తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు ప్రతులు అందితేనే బయటపడుతుంది, కానీ ఒకసారి బయటపడ్డ రెండు కోళ్ళకు పుట్టేవన్నీ లావెండరే. అమెరికా ప్రమాణాల్లో దీనినే సెల్ఫ్ బ్లూ అంటారు. మెలనోఫిలిన్ అనే జన్యువులో వచ్చిన మార్పు వల్ల నల్లని వర్ణకం ఈకలో సమంగా పరుచుకోక ఈ రంగు వస్తుందని 2008లో పరిశోధకులు తేల్చారు.

రంగు ఇచ్చే కోడిగా సెల్ఫ్ బ్లూ డుక్లే బాంటమ్‌ను (బుగ్గల మీదా గొంతు కిందా గడ్డంలా ఈకలుండే బెల్జియం చిట్టికోడిని) ఎంచుకోవడం నా అభిప్రాయంలో మేలు. కొచ్చిన్ లాగే దానికి తలపై ఒంటి వరుస తురాయి, కాళ్ళ మీద ఈకలు ఉంటాయి, కాబట్టి తరువాత దిద్దుకోవలసినవి తక్కువ. ఎదుటి జత తప్పనిసరిగా నల్ల కొచ్చినే కావాలి. ఎరుపు లేదా బఫ్ (బంగారు పసుపు) కొచ్చిన్ వాడితే లావెండర్ కింద ఆ ఎరుపు గడ్డి రంగుగా మారి మెడ మీద తేలుతుంది, దానిని తీసేయడానికి ఏళ్ళు పడుతుంది. ఒక డుక్లే పుంజును మూడు నాలుగు నల్ల కొచ్చిన్ పెట్టలతో ఉంచాలి. ఆ పెట్టలు అంతకుముందు వేరే పుంజుతో ఉండి ఉంటే కనీసం మూడు వారాలు ఆగి గుడ్లు తీయాలి. కొచ్చిన్‌లకు వెనుక భాగంలో ఈకలు మరీ గుబురుగా ఉంటాయి కనుక మలద్వారం చుట్టూ కత్తిరించకపోతే చాలా గుడ్లు వట్టివే అవుతాయి.

మొదటి తరంలో పుట్టినవన్నీ నల్లగానే ఉంటాయి, అన్నీ లావెండర్‌ను లోపల మోస్తాయి. రెండో ఏడాది వాటిని వాటిలోనే జత కట్టించి, వీలైతే నలభైకి తగ్గకుండా పిల్లలు తీయాలి. వాటిలో పది వరకూ లావెండర్‌వి రావాలి. ఇందుకోసం ఈకలు వచ్చేదాకా ఎదురుచూడనక్కరలేదు: పొట్ట కింద తెలుపుతో పుట్టే నల్ల పిల్లల మధ్య లావెండర్ పిల్ల నూగు లేత బూడిద రంగులో మొదటి రోజే తెలిసిపోతుంది. మిగిలిన నల్లవాటిలో ప్రతి మూడింట రెండు రంగును మోస్తున్నవే అయినా ఏవి మోస్తున్నాయో కంటికి తెలియదు, వాటిని ఈ పనికి ఉంచుకోవడం దండగ.

రంగు రెండేళ్ళలో చేతికొస్తుంది. ఆ తరువాత ఏళ్ళన్నీ కొచ్చిన్‌ను మళ్ళీ కొచ్చిన్‌గా చేయడానికే పోతాయి. రెండో తరం లావెండర్ కోళ్ళలో గుండ్రని ఒడలు, విశాలమైన మెత్తని ఈకలు, తక్కువ గడ్డం ఉన్న రెండు మూడింటిని ఎంచి మూడో ఏడాది మళ్ళీ నల్ల కొచ్చిన్‌లతో కట్టించాలి. అప్పుడు పుట్టే నల్ల పిల్లలన్నీ లావెండర్‌ను మోస్తున్నవేనని పరీక్ష లేకుండానే తెలుస్తుంది. మొదటి తరాన్నే నేరుగా కొచ్చిన్‌తో కట్టించి ఒక ఏడాది ఆదా చేయవచ్చని కొందరంటారు, నిజమే. కానీ అప్పుడు సగం పిల్లలే రంగును మోస్తాయి, ఏవో తెలియాలంటే ఒక్కొక్కదాన్నీ లావెండర్ కోడితో కట్టించి చూడాలి. రంగును మోసే కోడికి కూడా వరుసగా ఏడు పిల్లలు నల్లవే పుట్టే అవకాశం 128లో ఒకటి ఉంటుంది. అన్ని గూళ్ళు, అంత మేత ఎవరికున్నాయి?

ఈ మూడో తరం నల్లపిల్లల్లో రెండు విషయాలు చూడాలి. గడ్డం జన్యువు ఒక్క ప్రతి ఉన్నా ఎంతో కొంత బయటపడేది కనుక, బుగ్గలు ఉబ్బెత్తుగా పుట్టిన పిల్లను పక్కన పెడితే చాలు, గడ్డం ఆ వరుసలో మళ్ళీ రాదు. రెండోది చర్మం రంగు. డుక్లేకు తెల్ల చర్మం, కొచ్చిన్‌కు పసుపు చర్మం కావాలి. నల్లకోడి కాళ్ళు పైనుంచి మసిబారినట్టు ఉండి మోసం చేస్తాయి, కాబట్టి పిల్లను వెల్లకిలా పట్టుకుని అరికాలు చూడాలి. అక్కడ పసుపు కనిపిస్తే సరి. ఈ పసుపు కాళ్ళ జన్యువు పెంపుడు కోళ్ళలోకి మన దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లోనే మరో పరిశోధన తేల్చింది. పసుపు అంతర్గత లక్షణం కనుక అరికాలు పసుపు తేలినవాటిని మాత్రమే కలిపితే తెల్ల చర్మం మళ్ళీ రాదు. డుక్లే నుంచి వచ్చే మరో తలనొప్పి, మడమ కీలు దగ్గర గద్దకున్నట్టు వెనక్కి పొడుచుకొచ్చే బిరుసు ఈకలు. ఇది ఒక తరం దాక్కుని మళ్ళీ తేలుతుంది, కనుక తేలినప్పుడల్లా ఏరివేయడమే తప్ప మార్గం లేదు.

నాలుగో ఏడాది ఈ నల్లవాటిని తమలో తాము కట్టిస్తే మూడొంతులు కొచ్చిన్ రక్తమున్న లావెండర్ పిల్లలు దొరుకుతాయి. ఐదో, ఆరో ఏడాది ఇవే రెండు మెట్లు, అంటే నల్ల కొచ్చిన్‌తో కట్టించడం, ఆ పిల్లలను తమలో తాము కట్టించడం, మరోసారి ఎక్కితే కొచ్చిన్ పాలు ఎనిమిదిలో ఏడుకు చేరుతుంది. పుంజు బరువు ప్రమాణం చెప్పే 900 గ్రాముల దగ్గరకు వచ్చిందా, వీపు నుంచి తోక దాకా ఒకే మెత్తని గుండ్రని ఎత్తు ఉందా అన్నది అప్పుడు తూచి చూడవచ్చు.

ఇన్ని కోళ్ళ వంశం గుర్తుపెట్టుకోవడానికి జ్ఞాపకశక్తిని నమ్మవద్దు. మొదట్లో నేను కాలి రింగుల మీదే ఆధారపడ్డాను, పిల్లలు ఎదుగుతుంటే బిగుసుకున్నాయని విప్పి, తిరిగి తొడగడం మరిచిపోయి ఒక ఏడాది పిల్లలన్నింటినీ కలగాపులగం చేసుకున్నాను. పుట్టిన రోజే కాలివేళ్ళ మధ్య పొరకు చిన్న రంధ్రం వేస్తే ఆ గుర్తు జీవితాంతం ఉంటుంది. రెండు కాళ్ళకూ కలిపి నాలుగు పొరలు, అంటే పదహారు రకాల గుర్తులు, ఒక ఏడాది జతలకు బాగా సరిపోతాయి.

లావెండర్‌కు ఒక ప్రత్యేక జబ్బు ఉంది. లావెండర్‌ను లావెండర్‌తోనే తరతరాలుగా కలుపుతూ పోతే ఈకల అంచులు చీలికలై, తోక చివర తినేసినట్టు అవుతుంది. కొచ్చిన్‌కు ఈకలే అందం కనుక ఈ లోపం ఉన్న కోడిని, దాని ఆకారం ఎంత బాగున్నా, సంతానానికి ఉంచకూడదు. రెండు మూడు తరాలకొకసారి మంచి ఈకలున్న నల్లకోడిని తెచ్చి కలపాలి, లేదా మీ వరుసలోనే రంగును మోసే నల్లపెట్టలను ఎప్పుడూ కొన్ని ఉంచుకోవాలి. అటువంటి జతలో సగం పిల్లలు లావెండరే వస్తాయి. ఎండ తగిలితే ఈ రంగు వీపు మీద ఇత్తడి ఛాయ తిరుగుతుంది, కాబట్టి ప్రదర్శనకు పంపే పుంజును కొత్త ఈకలు వేసే కాలం నుంచే నీడలో పెంచాలి.

కొత్త రంగుకు ఆమోదం కోసం దరఖాస్తు చేయాలంటే అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ నియమాల ప్రకారం కనీసం ఐదుగురు పెంపకందారులు ఐదేళ్ళ పాటు ఆ రకాన్ని పెంచి ఉండాలి. అందుకే కోళ్ళు పూర్తిగా దిద్దుకునే దాకా దాచుకోకుండా, నాలుగో ఏడాది లావెండర్ పిల్లలు వచ్చిన వెంటనే నమ్మకమైన నలుగురికి జతలు ఇవ్వడం మంచిది. ఇచ్చేటప్పుడు ఆ కోడి తల్లిదండ్రుల గుర్తులు, గడ్డం ఎప్పుడు పోయిందో, మడమ ఈకలు చివరిసారి ఏ జతలో తేలాయో కూడా కాగితం మీద రాసి ఇవ్వాలి.