దసరా సెలవులకు బీచ్‌కు పోతున్నరా? గది కన్నా ముందు నీళ్లు చూడండి

సెలవులు మొదలైతే చాలు, పేపర్లో అదే వార్త. బీచ్‌కు పోయిన దోస్తుల్లో ఇద్దరు అలల్లో కొట్టుకుపోయారని. చివరిదాకా చదవండి. చాలాసార్లు కింద రెండు మాటలు ఉంటాయి: పొద్దుగాలే దిగారు, అక్కడ లైఫ్‌గార్డు లేడు. అందుకే ఏసీ, టిఫిన్, పార్కింగ్ సంగతులు ఇక్కడ రాయడం లేదు. అవి అడగడం మీకు వచ్చు.

గది వెతికేటప్పుడు మనవాళ్ల కొంప ముంచే తప్పు ఒక్కటే. ‘బీచ్‌కు 50 మీటర్లు’ అని కనబడగానే అడ్వాన్స్ కట్టేయడం. ఏ నీళ్లకు 50 మీటర్లు? అక్కడ స్నానం చేయొచ్చా? కాపలా ఎవరున్నారు? ఇవి అడగరు. దిగిన తర్వాత గది ముందున్న సముద్రమే మన సముద్రం అయిపోతుంది. దిగొద్దని చెప్పే ఎర్ర జెండా ఉన్నా, రాళ్లున్నా, పిల్లలు అక్కడే దిగుతారు. కాబట్టి ముందు లైఫ్‌గార్డులున్న బీచ్ ఎంచుకోండి, ఆ తర్వాత దానికి నడిచిపోయే దూరంలో గది చూడండి. గార్డు లేని నీళ్ల ముందు మాత్రం గది తీసుకోవద్దు.

‘మావాడికి ఈత వచ్చు’ అనే ధైర్యమే ఎక్కువ భయపెడుతుంది. పరకాల, నర్సంపేట, ములుగు దిక్కు పిల్లలు ఈత నేర్చేది బాయిలో, చెరువులో. బాయిలో నీళ్లు నిలకడగా ఉంటాయి, నాలుగు బారలు వేస్తే గడ్డ అందుతుంది. సముద్రం అట్లా కాదు. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లు మళ్లీ లోపలికి పోవాలి. ఇసుక తిన్నెల మధ్య లోతున్న చోట అవన్నీ కలిసి సన్నని పాయై లోపలికి గుంజుతాయి. రిప్ కరెంట్ అంటే అదే. ఆ పాయ మీద అల విరగదు, నురగ ఉండదు, నీళ్లు కొంచెం ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తాయి. అలలకు జంకినవాడు ‘ఇక్కడ బాగుంది’ అని సరిగ్గా అక్కడే దిగుతాడు. దాని వేగం ఒక్కోసారి సెకనుకు 2 మీటర్లు దాటుతుంది. అంత వేగానికి ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. చిక్కితే ఒడ్డు వైపు కొట్టుకోవద్దు. వెల్లకిలా తేలి, చెయ్యెత్తి పిలవాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ తర్వాతే బయటికి రావాలి.

బుక్ చేసే ముందు మ్యాప్‌లో శాటిలైట్ బొమ్మ పెట్టుకోండి. హోటల్ ముందు తెల్లటి నురగ గీత మధ్యలో తెగి నల్లగా ఉందా, వాగు సముద్రంలో కలుస్తోందా, రాతిగోడ ఉందా? అక్కడ రిప్ కరెంట్ ఉండొచ్చు, వదిలేయండి. ఫోన్ చేసి మూడే అడగండి: లైఫ్‌గార్డు ఎన్ని గంటలకు వస్తాడు, జెండాలు ఎక్కడ పాతుతారు, ఈ నెలలో దిగనిస్తున్నారా. ‘అందరూ దిగుతారు సార్’ అంటే అది జవాబు కాదు. వీడియో కాల్‌లో గేటు నుంచి నీళ్ల దాకా నడిచి చూపించమనండి. రివ్యూలు కూడా మీరు పోయే నెలలో రాసినవే చదవండి. జనవరి సముద్రం వేరు, అక్టోబర్ సముద్రం వేరు.

దసరా రోజుల్లో తూర్పు తీరానికి తుపానుల కాలం. హుద్‌హుద్ వైజాగ్‌ను కొట్టింది 2014 అక్టోబర్ 12న. ముందురోజు రద్దు చేసినా డబ్బులు తిరిగొచ్చే గదే తీసుకోండి. పైసలు పోతాయని బయల్దేరేవాళ్లే ఎక్కువ. ఎత్తైన అలల హెచ్చరికలు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ (INCOIS) మన హైదరాబాద్‌లోనే ఉంది. బయల్దేరే రోజు దాని వెబ్‌సైట్ చూడండి.

ఇంకో సంగతి, చెక్‌ఇన్ టైమ్. కాజీపేటలో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి వైజాగ్. గది ఇచ్చేది మధ్యాహ్నం 12కో 2కో. బ్యాగులు రిసెప్షన్‌లో పడేసి, నిద్రలేని కళ్లతో, ఖాళీ కడుపుతో అందరూ నీళ్లలోకి పోతారు. గార్డు ఇంకా రాలేదు. గోవాలోనైనా గార్డులు ఎక్కేది పొద్దున 7:30కి. ఉదయం 6 గంటల చెక్‌ఇన్‌కు ఇంకో వెయ్యి అడిగినా కట్టండి. గది దొరికితే పడుకుంటారు, దిగరు.

ఎర్ర జెండా ఉంటే మోకాళ్ల లోతు కూడా వద్దు. ఘనపు మీటరు నీళ్లు వెయ్యి కిలోల పైనే. మోకాళ్ల మీద తగిలితే మనిషి నిలవడు, కాళ్ల కింది ఇసుకా జారిపోతుంది.

గార్డులు కాపలా కాసే చోటుకు హద్దుగా పాతే ఎరుపు పసుపు జెండాల మధ్యనే దిగండి.

మందు తాగినవాడిని దిగనివ్వద్దు. కొట్లాట అయినా సరే.

పొద్దుగూకినాక దిగొద్దు.

కొట్టుకుపోతున్నవాడి వెనుక దూకొద్దు. ఒకడి వెనుక ఒకడు పోయే నలుగురూ పోతున్నారు. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల క్యాన్ విసరండి, గార్డును పిలవండి, 112కు కొట్టండి.

రిసార్ట్ పూల్‌కు కూడా గార్డు ఉన్నాడో లేదో అడగండి. పిల్లలకు అదీ బాయే.

బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే గది మార్చమనండి. గాలి ఆడకపోతే దాని పొగ వాసన లేకుండానే చంపుతుంది.

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లుంటాయి. బోర్డు పెట్టిన చోట దిగొద్దు.

అడ్వాన్స్ వేరే మనిషి పేరు మీది ఖాతాకు వేయమంటే వేయొద్దు. మోసపోతే వెంటనే సైబర్ మోసాల నంబర్ 1930కు కొట్టండి.

గది ఖాళీ చేసే రోజు ‘ఆఖరిసారి ఒక్క మునక’ వద్దు. బండికి టైమ్ అవుతోందని జెండాల దాకా నడవరు, గది ముందే దిగుతారు.