జర్మనీకి పార్సిల్ పంపుతున్నారా? ముందు అట్టపెట్టె బరువు చూడండి

అమెజాన్‌లోనో ఎట్సీలోనో ఈబేలోనో జర్మనీ కస్టమర్లకు సరుకు అమ్మేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఒక మెయిల్ వస్తుంది: మీ లూసిడ్ నంబరు (జర్మనీ ప్యాకింగ్ రిజిస్టరులో మీ నమోదు సంఖ్య) ఇవ్వండి, ఇవ్వకపోతే లిస్టింగులు ఆపేస్తాం అని. చాలామంది టెన్షన్ పడి, ఎలాగోలా ఆ నంబరు తెచ్చి అక్కడ పెట్టేసి, పని అయిపోయిందనుకుంటారు. అవదు. నంబరు తెచ్చుకోవడం చిన్న పని. అసలు పని మీరు పంపే పెట్టె, కవరు, బబుల్ రాప్ ఒక్కొక్కటి ఎన్ని గ్రాములో తెలిసి ఉండటం. అది తెలియకుండా కూర్చుంటే ఫారం మధ్యలో ఆగిపోతారు, లేదా నోటికొచ్చిన అంకె వేసేసి తర్వాత ఇబ్బంది పడతారు.

ముందు సంగతేమిటో రెండు ముక్కల్లో. జర్మనీలో ప్లాస్టిక్, రేకు ప్యాకింగ్ పసుపు డబ్బాలో వేస్తారు, అట్ట, కాగితం వేరే డబ్బాలో. ఇళ్ల నుంచి ఆ ప్యాకింగ్ సేకరించి, వేరుచేసి, రీసైక్లింగ్‌కి పంపడానికయ్యే ఖర్చును దాన్ని జనం ఇళ్లకు చేర్చిన వ్యాపారి భరించాలి. 1991 నుంచీ ఉన్న పద్ధతే ఇది. 2019 జనవరి 1న వచ్చిన ప్యాకేజింగ్ చట్టం దాన్ని గట్టిగా బిగించింది. ఒస్నాబ్రుక్‌లో ఉన్న కేంద్ర ప్యాకేజింగ్ రిజిస్టరు సంస్థ నడిపే ఆన్‌లైన్ రిజిస్టరే లూసిడ్. 2022 జూలై 1 నుంచి, ఈ నంబరు లేని సెల్లర్ సరుకును మార్కెట్‌ప్లేస్ అమ్మకానికి పెట్టకూడదు, ప్యాక్ చేసి పంపే వేర్‌హౌస్ కంపెనీ ముట్టుకోకూడదు. అందుకే ఆ మెయిళ్లు. ఏడాదికి పది పార్సిళ్లే కదా, మనల్ని ఎవరడుగుతారు అనుకోవద్దు. చిన్న వ్యాపారికి మినహాయింపు లేదు, మొదటి పార్సిల్ నుంచే లెక్క.

బాధ్యత ఎవరిదన్న దగ్గరే ఎక్కువమంది తికమక పడతారు. పెట్టె తయారుచేసిన కంపెనీది కాదు. అందులో సరుకు పెట్టి జర్మనీ మార్కెట్‌లోకి మొదట పంపినవాళ్లది. పోచంపల్లి నుంచి చీరను నేరుగా బెర్లిన్‌లోని కస్టమర్ ఇంటికి పంపితే బాధ్యత మీదే, ఇండియాలో కూర్చుని అమ్మినా సరే. అదే ఫ్రాంక్‌ఫర్ట్‌లోని దుకాణానికి హోల్‌సేల్‌గా అమ్మితే, సరిహద్దు దాటేటప్పుడు ఆ సరుకుకు చట్టప్రకారం ఎవరు బాధ్యులో వాళ్ల మీద పడుతుంది. ఇది నోటిమాటగా వదిలేయకుండా ఇన్‌వాయిస్‌తో పాటు ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి. మీరు జర్మనీలోనే ఉండి, అక్కడి హోల్‌సేలర్ దగ్గర కొన్న వస్తువును తిరిగి అమ్ముతున్నారనుకోండి, వస్తువు డబ్బా లెక్క వాళ్లు ముందే చూసుకుని ఉండాలి, కానీ మీరు పైన వేసిన షిప్పింగ్ పెట్టె మాత్రం మీ ఖాతాలోదే. ప్యాకింగ్ వేర్‌హౌస్ వాళ్లు చేసినా అంతే, ఎవరి తరఫున చేశారో వాళ్లదే షిప్పింగ్ పెట్టె బాధ్యత, కాబట్టి ఏ సైజు పెట్టె ఎంత బరువో వాళ్లను అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి.

(స్టూడెంట్ వీసా మీద జర్మనీలో ఉండి సరదాగా ఏదైనా అమ్ముదామనుకునే పిల్లలకు ఒక మాట: సొంత వ్యాపారానికి విదేశీయుల ఆఫీసు అనుమతి విడిగా కావాలి. ప్యాకింగ్ సంగతి దాని తర్వాత.)

ఇక తూకం. వంటింట్లో వాడే డిజిటల్ త్రాసు చాలు. మీరు పంపే ప్రతి రకం పార్సిల్‌కీ ఒక ఖాళీ సెట్టు తయారుచేసి, మెటీరియల్ వారీగా విడదీసి తూచండి. కాగితం, అట్ట ఒక పద్దు. ప్లాస్టిక్ ఇంకో పద్దు. గాజు, ఇనుము, అల్యూమినియం, టెట్రా ప్యాక్ లాంటి పానీయాల డబ్బాలు, కలగలిపి తయారైన కాంపోజిట్లు, ఇతరాలు, ఇలా మొత్తం ఎనిమిది పద్దులున్నా మామూలు సెల్లర్‌కి పనికొచ్చేవి మొదటి రెండే. చీరల పార్సిల్ తీసుకుందాం. అట్టపెట్టె 180 గ్రాములు, లోపల టిష్యూ పేపర్ 20, పాలిథిన్ కవరు 12 అనుకుందాం. ఏడాదికి 600 పార్సిళ్లు పోతే కాగితం పద్దు కింద 120 కిలోలు, ప్లాస్టిక్ కింద 7.2 కిలోలు. ఇంతే లెక్క. దీన్ని ఒక షీట్‌లో పెట్టుకుని, పెట్టె సైజు మార్చినప్పుడల్లా కొత్త వరస రాసుకుంటే ఏడాది చివర తల పట్టుకునే పని ఉండదు.

టేపు, లేబుల్, లోపల నింపే చిత్తు కాగితం కూడా ప్యాకింగే, వదిలేయకండి. డ్రెస్‌తో పాటు హ్యాంగర్ పంపితే ఆ హ్యాంగరూ ప్యాకింగ్‌లోకే వస్తుంది, అదే హ్యాంగర్‌ని విడిగా అమ్మితే రాదు. పాత పెట్టెలు మళ్లీ వాడుతున్నాం కదా అనేవాళ్లు ఉంటారు, మంచి అలవాటే, కానీ ఆ పెట్టెకు అంతకుముందే జర్మనీలో ఫీజు కట్టినట్టు మీరు చూపించగలగాలి. ఎక్కడినుంచో వచ్చిన పెట్టెకు ఆ కాగితం ఎవరి దగ్గరా ఉండదు. ఊరికే వాదించుకోవడం కంటే దాని బరువు కూడా మీ లెక్కలో కలిపేయడం నయం.

తూకం చేతిలో ఉంటే లూసిడ్ సైట్‌లో నమోదు తేలిక. ఇంగ్లీషులో కూడా ఉంటుంది, ఫీజు లేదు. కంపెనీ పేరు, చిరునామా, ట్యాక్స్ నంబరు, మీరు అమ్మే బ్రాండ్ల పేర్లు, ఏ రకం ప్యాకింగ్ వాడతారు అన్నవి అడుగుతారు. సొంత బ్రాండ్ లేకపోతే కంపెనీ పేరే రాయండి. చివర్లో డీఈ అక్షరాలతో మొదలై 13 అంకెలున్న నంబరు వస్తుంది. ఇక్కడ జాగ్రత్త: "మేం చేసి పెడతాం, ఇంత కట్టండి" అని ఏజెంట్ల మెయిళ్లు వస్తుంటాయి. లూసిడ్‌లో నమోదు వ్యాపారి స్వయంగా చేయాలనే చట్టం చెబుతోంది, వేరేవాళ్లకు అప్పగించడానికి లేదు. ఉచితంగా అయ్యేదానికి డబ్బు తీసుకుని, చట్టం ఒప్పుకోని పని చేసిపెడతామనే వాళ్లకు దూరంగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

నంబరు రాగానే ఆగిపోకూడదని మొదట్లోనే చెప్పాను కదా, ఇదిగో ఆ రెండో సగం. సేకరణ, రీసైక్లింగ్ పని చేసే ప్రైవేటు కంపెనీలను డ్యూయల్ సిస్టమ్స్ అంటారు. గ్రీన్ డాట్, ఇంటర్‌సెరో, లాండ్‌బెల్, రీక్లే, జెంటెక్ లాంటివి. వీటిలో ఒకదానితో ఒప్పందం చేసుకుని, మీ కిలోల లెక్క ప్రకారం ఫీజు కట్టాలి. రేట్లు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి, రెండు మూడు సైట్లలో మీ కిలోలు వేసి చూసుకోండి. పైన చెప్పినంత చిన్న లెక్కకు వచ్చే బిల్లు చాలామంది భయపడేంత ఉండదు. ఒప్పందం అయ్యాక మళ్లీ లూసిడ్‌లోకి వచ్చి, ఆ కంపెనీ పేరు, అక్కడ చెప్పిన అవే కిలోలు ఇక్కడా నమోదు చేయాలి. అక్కడ 120, ఇక్కడ 100 అని ఉంటే కుదరదు. రెండు వైపుల నుంచీ వచ్చిన అంకెలను రిజిస్టరు సంస్థ పోల్చి చూస్తుంది. ఏడాది మొదట్లో అంచనా చెబుతారు, ఏడాది గడిచాక నిజంగా పోయిన బరువు చెబుతారు, రెండూ రెండు చోట్లా. మధ్యలో అమ్మకాలు బాగా పెరిగితే అప్పుడే సవరించి, ఆ సవరణ కూడా రెండు చోట్లా పెట్టాలి. క్యాలెండర్‌లో రిమైండర్ పెట్టుకోండి, ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే.

నమోదు లేకపోతే లక్ష యూరోల వరకూ, డ్యూయల్ సిస్టమ్ ఒప్పందం లేకపోతే రెండు లక్షల యూరోల వరకూ జరిమానా వేసే వీలుంది. ఇంకో సంగతి, లూసిడ్ రిజిస్టరు అందరికీ కనిపిస్తుంది. మీ పేరు అందులో ఉందో లేదో పోటీ సెల్లర్ ఎవరైనా వెతికి చూసి లాయర్ నోటీసు పంపించగలడు. జర్మనీలో ఇలాంటి నోటీసుల వ్యవహారం చాలా మామూలు.

మిగతా దేశాలకు ఈ జర్మనీ నంబరు చెల్లదు. ఫ్రాన్స్‌లో ప్యాకింగ్‌కి సిటియో లాంటి సంస్థలో చేరితే ఒక ప్రత్యేక గుర్తింపు సంఖ్య వస్తుంది, మార్కెట్‌ప్లేసులు 2022 నుంచి దాన్ని అడుగుతున్నాయి. అక్కడ బట్టలకూ, ఫర్నిచర్‌కీ, బొమ్మలకూ విడివిడిగా ఇలాంటి బాధ్యతలున్నాయి కాబట్టి చీరలు అమ్మేవాళ్లకు ప్యాకింగ్ నంబరు ఒక్కటే సరిపోదు. పైగా ప్యాకింగ్ మీద ట్రిమాన్ అనే రీసైక్లింగ్ గుర్తు, ఏది ఏ డబ్బాలో వేయాలో చెప్పే సూచన కావాలి. ఆస్ట్రియాలో 2023 నుంచి విదేశీ సెల్లర్లు స్థానిక ప్రతినిధిని పెట్టుకోక తప్పదు. ఇటలీలో 2023 జనవరి నుంచి ప్యాకింగ్ మీద మెటీరియల్ కోడ్ ఉండాలి, ముడతల అట్టకు పీఏపీ 20 లాగా. నన్నడిగితే, అన్ని దేశాలూ ఒకేసారి తెరవకండి. నెలకు రెండు ఆర్డర్లు వచ్చే దేశానికి షిప్పింగ్ ఆపేయడమే లాభం.

యూరప్ మొత్తానికీ వర్తించే కొత్త ప్యాకేజింగ్ నిబంధన ఒకటి 2025 ఫిబ్రవరి 11న అమల్లోకి వచ్చింది, అందులో ఎక్కువ భాగం 2026 ఆగస్టు 12 నుంచి వర్తిస్తుంది. ఆన్‌లైన్ సెల్లర్లు ఇప్పటినుంచే చూసుకోవాల్సింది ఖాళీ జాగా సంగతి. 2030 నుంచి షిప్పింగ్ పెట్టెలో ఖాళీ సగానికి మించకూడదు, బబుల్ రాప్, గాలి సంచులు, కాగితపు ముక్కలు నింపిన చోటు కూడా ఖాళీ కిందే లెక్క. కాబట్టి ఒకే పెద్ద సైజు పెట్టెలు వేలకొద్దీ కొని పెట్టుకునే అలవాటు ఉంటే తగ్గించండి. చిన్న పెట్టెకు కిలోల ఫీజూ తగ్గుతుంది.

జర్మనీకి అమ్మడం ఆపేస్తే కూడా ఊరికే వదిలేయకూడదు. డ్యూయల్ సిస్టమ్ ఒప్పందాలు కొన్ని ఏటా వాటంతట అవే రెన్యూ అవుతాయి, గడువు చూసుకుని రాతపూర్వకంగా రద్దు చేయండి. ఆఖరి ఏడాది బరువులు రెండు చోట్లా ఇచ్చాక లూసిడ్‌లో నమోదు ముగించండి.