వంటలో ప్రయోగం బెడిసికొడితే

మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఎక్కితే చాలు, ఎవరో ఒకరు ఆపుతారు. "పిన్నిగారూ, కొర్రలతో ఇడ్లీ పోశాను, గోడకేసి కొడితే తిరిగొచ్చేలా ఉన్నాయి." నేను పుట్టింది గుంటూరు బ్రాడీపేటలో, కాపురం బెజవాడ సత్యనారాయణపురంలో. వంటింట్లో ప్రయోగాలు చేయడం, చెడగొట్టడం, మళ్ళీ చేయడం నాకు ముప్పై ఏళ్ళ అలవాటు. చెడగొట్టిన వంటల లెక్క తీస్తే ఈ వీధిలో నేనే ముందుంటాను.

ఎవరొచ్చి అడిగినా నేను ముందు వేసే ప్రశ్న ఒకటే. ఏం మార్చావు? మార్చకముందు ఆ వస్తువు వంటలో ఏ పని చేసేది? బియ్యం తీసి కొర్రలు వేస్తే బియ్యం రుచితో పాటు బియ్యం చేసే పని కూడా పోతుంది. నూనె తీసేస్తే నూనె చేసే పని ఆగిపోతుంది. ఆ పని చేయడానికి ఇంకొకర్ని పెట్టాలి. కింద రాసినవన్నీ ఆ ప్రశ్న వేసుకుంటూ నేను పట్టుకున్న తప్పులే.

పునుగులు ఎయిర్ ఫ్రయర్‌లో రాళ్ళయ్యాయి, లేదా జాలీలోంచి కారిపోయాయి

ఈ ఊళ్ళో సాయంత్రం ఆరైతే ఏ సెంటర్‌లో చూసినా మూకుడు ముందు జనమే. ఆ పునుగులు నూనె లేకుండా ఇంట్లో చేసుకోవాలన్న ఆశ ఎవరికైనా పుడుతుంది. నాకూ పుట్టింది. మొదటిసారి పిండి సగం జాలీ కిందికి దిగి అంటుకుపోయింది, మిగతా సగం పెంకుల్లా ఎండింది.

నూనె కొవ్వు కోసమే ఉందనుకుంటాం గానీ దాని అసలు పని వేడిని మోయడం. మరుగుతున్న నీళ్ళలో వేలు పెడితే బొబ్బ లేస్తుంది. అంతకంటే ఎంతో వేడిగా ఉన్న ఓవెన్‌లో చేయి ఒక్క క్షణం పెట్టి తీస్తే ఏమీ కాదు. గాలి వేడిని అంత నెమ్మదిగా అందిస్తుంది. కాగిన నూనెలో పడిన పిండికి అన్ని వైపులా ఒక్కసారే వేడి తగిలి పైపొర బిగుసుకుంటుంది. లోపలి తేమ ఆవిరై దాన్ని ఉబ్బిస్తుంది. ఎయిర్ ఫ్రయర్‌లో పైపొర కట్టేలోపే జారు పిండి కారిపోతుంది. కారకుండా నిలిచిందల్లా ఉబ్బకముందే ఎండిపోతుంది.

కాబట్టి జారు పిండికి ఎయిర్ ఫ్రయర్ వద్దు, గుంటపొంగణాల పెనం తీయండి. ఒక్కో గుంటలో అర చెంచా నూనె వేసి బాగా కాగనిచ్చి, పిండి వేసి మూతపెట్టండి. అడుగు ఎర్రబడ్డాక పుల్లతో తిప్పండి. మూకుడు నూనె చేసే పనిని ఈ కాస్త నూనె, వేడి ఇనుప గుంట కలిసి చేస్తాయి. అల్లం పచ్చడితో తింటే పెద్ద తేడా తెలియదు. కాస్త తెలుస్తుంది, అబద్ధం ఎందుకు.

ఎయిర్ ఫ్రయర్ కొన్న డబ్బులు గుర్తొచ్చి మనసు ఒప్పకపోతే గట్టి పిండి వంటలకు వాడండి. శనగపప్పు మూడు గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచి, కచ్చాపచ్చాగా రుబ్బి పల్చగా వడలు తట్టండి. రెండు వైపులా నూనె రాసి 180 డిగ్రీల దగ్గర పావుగంట, మధ్యలో ఒకసారి తిప్పుతూ. వడ ఎంత పల్చగా ఉంటే అంత బాగా వస్తుంది. లావుగా తడితే మళ్ళీ నన్ను లిఫ్టులో ఆపాల్సి వస్తుంది.

కొర్ర ఇడ్లీ పొంగలేదు, గట్టిగా ఉంది

ఇందులో మూడు తప్పులు కలగలిసి వస్తాయి, విడదీసి చూడాలి.

పిండి అసలు పొంగకపోతే కొర్రల్ని తిట్టకండి, మినపగుండ్లను చూడండి. పిండి పులిసేటప్పుడు పుట్టే గాలిని పట్టి ఉంచేది మినప్పప్పు జిగటే. "మిల్లెట్ ఇడ్లీ కదా" అని కొర్రలు పెంచి మినప్పప్పు తగ్గిస్తే గాలి పుట్టినా నిలవదు. మామూలు ఇడ్లీకి గ్లాసు గుండ్లకు రెండు గ్లాసుల రవ్వ వేస్తారుగా, కొర్రలకూ ఆ లెక్కతోనే మొదలుపెట్టండి. కుదిరాక కావాలంటే పెంచుకోవచ్చు. గుండ్లు విడిగా మెత్తగా, వెన్నలా రుబ్బండి. చిన్న ముద్ద నీళ్ళలో వేస్తే తేలాలి. మునిగితే ఇంకా రుబ్బాలి. మిక్సీ అయితే జార్ వేడెక్కుతుంది, చల్లటి నీళ్ళు చల్లుకుంటూ ఆపి ఆపి తిప్పండి.

పొంగింది గానీ ఆరగానే గట్టిపడితే తప్పు కొర్రల వైపుది. కొర్రలు ఆరు గంటలైనా నానాలి, రవ్వలా బరకగా రుబ్బాలి. రుబ్బేముందు గుప్పెడు అటుకులు కలపండి. అటుకులు ఒకసారి ఉడికి అణిగిన బియ్యమే కనుక నీళ్ళు పట్టి ఉంచుతాయి. మా ఇంట్లో మధ్యాహ్నం బాక్సులో పెట్టిన ఇడ్లీ సాయంత్రం దాకా మెత్తగా ఉన్నది అటుకులు వేశాకే.

మూడోది మన ఊరి ఎండ. మే నెలలో ఎండ 40 దాటుతుంటే రాత్రి పదింటికి రుబ్బి పొద్దున ఏడింటికి చూస్తే పిండి పొంగి, కుంగి, పుల్లబడి ఉంటుంది. చూసేవాళ్ళు పొంగలేదనుకుని సోడా వేస్తారు. అది పొంగక కాదు, పొంగడం ఎప్పుడో అయిపోయి కూలింది. ఎండాకాలం ఐదారు గంటలు చాలు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. సంక్రాంతి చలిలో అదే పిండికి పన్నెండు గంటలు కావాలి. పుస్తకంలో "ఒక రాత్రి" అని ఉంటే అది ఏ ఊరి రాత్రో అడగాలి.

పుల్లబడిన పిండిని పారేయకండి. బియ్యప్పిండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, జీలకర్ర కలిపి పైన చెప్పిన పొంగణాల పెనం ఎక్కించండి. పునుగులు పుట్టిందే ఇలాంటి పిండిని చెల్లుబాటు చేయడానికని నా అనుమానం.

అన్నట్టు, ఇడ్లీ ఎర్రగా ఉండాలని బీట్‌రూట్ రసం కలిపేవారు సోడా వేయకండి. బీట్‌రూట్ రంగు సోడా తగిలితే చెడి పసుపు వైపు తిరుగుతుంది. రసం బదులు మెత్తటి ముద్ద చేసి, పిండి పులిశాక, పోసే ముందు నాలుగు చుక్కల నిమ్మరసంతో కలపండి. అయినా ఆవిరికి రంగు కొంత వెలిసిపోతుంది.

గోంగూర కూర విరిగిపోయింది

మా పెళ్ళయిన కొత్తలో గోంగూరను కొబ్బరి పాలతో వండాను. పాలు పోసి మూతపెట్టి, పావుగంట ఉడికించి తీస్తే గడ్డలు గడ్డలు, పైన నీళ్ళు. మా అత్తగారు గరిటెతో అటూ ఇటూ కదిపి "మజ్జిగ పులుసులో గోంగూర ఎందుకేశావమ్మా?" అన్నారు. ఆవిడ వేళాకోళం చేయలేదు, నిజంగానే అడిగారు.

గోంగూర పులుపు పాలను విరిచేస్తుంది, అందులోనూ ఎర్ర గోంగూర మరీ పులుపు. కొబ్బరి పాలైతే మరిగించినా విడిపోతాయి, పులుపు తోడైతే చెప్పేదేముంది. మామూలు గోంగూర పచ్చడిలో విరగడానికి ఏమీ ఉండదు కనుక ఈ సంగతి మనకు ఎప్పుడూ తెలియలేదు.

ఆకును నూనెలో నీరంతా ఇగిరి నూనె పైకి తేలేదాకా మగ్గించండి. స్టవ్ ఆపి గోరువెచ్చగా అయ్యాక చిక్కటి కొబ్బరి పాలు కలపండి. ఆ తర్వాత మళ్ళీ మరిగించొద్దు. భయమైతే జీడిపప్పు ముద్ద వేయండి, అది విరగదు, పులుపునూ తగ్గిస్తుంది. ఇప్పటికే విరిగిపోయిందా? రెండు చెంచాల జీడిపప్పు ముద్ద వేసి మొత్తాన్ని మిక్సీలో తిప్పేయండి. చట్నీ అని పేరు పెట్టి ఇడ్లీలోకి వడ్డించండి, ఎవరూ కనుక్కోరు.

గోంగూర పనీర్‌కు ఈ బెడద లేదు. పనీర్ అంటేనే విరిగిన పాలు, ఇంకా విరిగేదేముంది? దాని బాధ వేరు, ఎక్కువసేపు ఉడికితే లోపలి నీరు పిండేసినట్టు పోయి రబ్బరవుతుంది. ఉప్పు వేసిన వేడి నీళ్ళలో ముక్కలు నాననిచ్చి చివరి రెండు నిమిషాల్లో వేస్తే సరి.

గోంగూర పప్పులో నాలుగు కూతలొచ్చినా కందిపప్పు పలుకులుగా ఉంటే ఆ తప్పూ పులుపుదే. పుల్లటి నీళ్ళలో పప్పు మెత్తబడదు. కుక్కర్‌లో అన్నీ కలిపి పడేయడం పనికి సుఖమే గానీ పప్పు ముందు విడిగా ఉడకాలి, ఆకు తర్వాత కలవాలి. అలా చేసినా ఉడకకపోతే మీ బోరు నీళ్ళను అనుమానించండి. నీళ్ళలో సున్నం ఎక్కువైతే పప్పు గింజ గట్టిగానే ఉంటుంది. తాగే నీళ్ళతో ఒకసారి వండి చూడండి, తేడా తెలిసిపోతుంది.

వండాక ఆకుపచ్చ రంగు పోయిందని ఒకరు బాధపడ్డారు. పులుపున్న ఆకు వేడెక్కితే రంగు మారక తప్పదు. గోంగూరకు ఆ రంగే అందం.

మొలకల పెసరట్టు పెనానికి అంటుకుని ముక్కలైంది

పెసలు మొలకెత్తితే లోపలి పిండిపదార్థం కొంత చక్కెరగా మారుతుంది. అందుకే మొలకలు తియ్యగా ఉంటాయి, అందుకే అట్టు తొందరగా మాడి అంటుకుంటుంది. అట్టును కలిపి ఉంచే బలమూ తగ్గుతుంది. సగం మొలకలు, సగం నాలుగు గంటలు నానిన పెసలు, గుప్పెడు బియ్యం వేసి రుబ్బండి. సెగ మధ్యస్థంగా ఉండాలి. అట్టు పోసే ముందు ప్రతిసారీ పెనాన్ని సగం ఉల్లిపాయతో రుద్దండి. మొలకలు బారెడు పొడవు పెరిగేదాకా ఉంచొద్దు, తోక కనబడితే చాలు. లోపల ఉప్మా పెట్టాలనుకుంటే మొలకల అట్టు ఆ బరువు మోయదు, పక్కన పెట్టుకు తినండి.

పాస్తా నోట్లో మంట పెట్టింది

ఎక్కడో చూసిన వంటలో "కశ్మీరీ కారం 2 చెంచాలు" అని ఉంటుంది. మన డబ్బాలో ఉన్నది గుంటూరు కారం. అవే 2 చెంచాలు వేస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ వంటలో కారం పని మంట పెట్టడం కాదు, రంగు, చిక్కదనం ఇవ్వడం. గుంటూరు సన్నం రకం మిరప కారం అంత వేస్తే వంటను మింగేస్తుంది, తేజ రకమైతే ఇంకా ఘాటు. పావు చెంచా చాలు. మిగతా రంగు కోసం కర్ణాటక బ్యాడగి మిరప కొనండి, లేదా టమాటాలను ముద్దయ్యేదాకా ఇగిర్చి వేయండి.

ఇప్పటికే కారమైపోతే నీళ్ళు పోయకండి. మంట పెట్టే గుణం నీళ్ళలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. మీగడ, నువ్వుల ముద్ద, నెయ్యి, వీటిలో ఏదో ఒకటి. ఎండుమిర్చి వాడుతుంటే గింజలు దులిపి సంతోషపడిపోకండి, ఘాటంతా గింజలు అంటుకునే తెల్లటి ఈనెల్లో ఉంటుంది. అవీ తీయాలి.

పైనాపిల్ పెరుగు పచ్చడి గంటకు చేదెక్కింది

పచ్చి పైనాపిల్‌లో ఉండే ఎంజైము పెరుగులోని ప్రోటీన్‌ను తినేస్తుంది, ఆ చేదు దానిదే. ముక్కల్ని ముందు నాలుగు నిమిషాలు ఉడికించి, ఆరాక పెరుగులో కలపండి.

దోసకాయ చల్లటి సూప్ చేదుగా ఉంది

పప్పులోకి కోసే ముందు ముక్క నోట్లో వేసుకుని చూసే అలవాటు మనకు ఉంది. అదే దోసకాయను మిక్సీలో తిప్పేటప్పుడు మర్చిపోతాం. చేదు దోసకాయకు పరిష్కారం లేదు. పెరుగు, చక్కెర, నిమ్మరసం దాన్ని దాచుతాయే గానీ తీసేయవు, ఉడికించినా పోదు. ఆ చేదు వాంతులు తెప్పిస్తుంది. సొరకాయ, బీరకాయ కూడా మామూలుగా లేని చేదు తగిలితే ఇంతే. మొత్తం గిన్నె పారబోసి, ఇంకో కాయ కోసి, ఈసారి ముక్క నాలిక మీద పెట్టుకుని చూశాకే మిక్సీ ఆన్ చేయండి.