చదివిన పాఠం పరీక్ష దాకా గుర్తుండాలంటే ఎలా చదవాలి?

టెట్, డీఎస్సీ రాసేవాళ్లకు పదిహేనేళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. ఏటా నాది ఒకటే బాధ. స్మృతి, విస్మృతి (జ్ఞాపకం, మరపు) పాఠాన్ని నాలుగుసార్లు చదివి వస్తారు, అందులో ఉన్నదాన్ని మాత్రం తమ చదువుకు వాడుకోరు. అభ్యసనం (నేర్చుకోవడం), ధారణ (మనసులో నిలుపుకోవడం), పునఃస్మరణ (చూడకుండా గుర్తుచేసుకోవడం), గుర్తింపు (ఎదురుగా కనిపిస్తే తెలిసిందేనని పోల్చుకోవడం) అని గడగడా అప్పజెబుతారు. తీరా చదవడానికి కూర్చుంటే మూడోదాన్ని వదిలేసి నాలుగోదానితో సరిపెట్టుకుంటారు. చదివింది నిలవకపోవడానికి అసలు కారణం అదే, తెలివి లేక కాదు.

కావలసినవి: పుస్తకం, ఒకవైపు వాడేసిన కాగితాలు, పెన్సిల్, ఎర్ర పెన్ను. ఫోన్ పక్క గదిలో ఉండాలి. మంచం మీద కూర్చుని చదవకూడదు. హైలైటర్ అసలే వద్దు.

1. పాఠాన్ని చిన్న ముక్కలు చేసుకోండి

ఒక విడతకు మూడు నాలుగు పేజీలు చాలు. పావ్‌లోవ్ శాస్త్రీయ నిబంధనం (ఆహారంతో పాటు గంట వినిపిస్తూ పోయి, చివరికి గంటకే కుక్కకు లాలాజలం ఊరేలా చేసిన ప్రయోగం) అనుకుంటే అదొక్కటే.

2. ఒక్కసారి, అర్థం చేసుకుంటూ చదవండి

గీతలు గీయకండి. అర్థం కాని వాక్యం దగ్గర ఆగి, అర్థమయ్యాకే ముందుకు వెళ్లండి. ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వవేత్త అర్థం లేని అక్షరాల గుంపులు తయారుచేసుకుని, తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. నేర్చుకున్న ఒక్క రోజుకే మూడింట రెండొంతులు జారిపోయింది. అర్థం చేసుకోకుండా బట్టీ పడితే మీ పాఠం కూడా మీకు అలాంటి అక్షరాల గుంపే.

3. పుస్తకం మూసి, గుర్తున్నదంతా రాయండి

అందరూ పాడుచేసేది ఇక్కడే, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మూయడం అంటే పేజీ మధ్యలో వేలు పెట్టి మూయడం కాదు. పూర్తిగా మూసి, లేచి వెళ్లి అలమరలో పెట్టి రండి. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉంటే తెరుస్తారు, నేను చూస్తూనే ఉన్నాను. తర్వాత కాగితం మీద ఏది ముందు గుర్తొస్తే అది రాయండి. వరుస అక్కర్లేదు. మనసులో అనుకుంటే సరిపోదు, రాయాల్సిందే. మనసులో అనుకునేటప్పుడు రాని ముక్క కూడా వచ్చేసినట్టే ఉంటుంది.

రెండు మూడు నిమిషాలకు చెయ్యి ఆగిపోతుంది, టెన్షన్ మొదలవుతుంది. అయినా లేవకండి. ఇంకో ఐదు నిమిషాలు అక్కడే కూర్చుని వెతుక్కోండి. ఆ వెతుకులాటే మీ చదువు.

ఈమధ్య ఒకమ్మాయి పావ్‌లోవ్ పాఠం పట్టుకొచ్చి "మొత్తం వచ్చేసింది సార్" అంది. పేజీ నిండా పసుపు గీతలు. పుస్తకం తీసుకుని కాగితం ఇచ్చాను. కుక్క, గంట, లాలాజలం అని చకచకా రాసింది. నిర్నిబంధిత ఉద్దీపన (ఎవరూ నేర్పకుండానే స్పందన తెప్పించేది) దగ్గర పెన్సిల్ ఆగింది. అది గంటా, ఆహారమా? చూపు పుస్తకం వైపు పోయింది. "ఆగమ్మా. ఎవరూ నేర్పకుండానే గంట చప్పుడుకి కుక్క నోట్లో నీళ్లూరతాయా?" అన్నాను. కాసేపు పెన్సిల్ చివర కొరుక్కుంటూ కూర్చుంది. "ఊరవు సార్. తిండి పెడితే ఊరతాయి" అని, ఆహారం పక్కన తనే రాసుకుంది. మళ్లీ ఎప్పుడడిగినా అక్కడ తప్పు చేయలేదు. పసుపు గీతలు చేయలేని పని ఆ అరనిమిషం చేసింది.

చదువుతుంటే "ఇది నాకు తెలిసిందే" అనిపిస్తుంది చూడండి, ఆ భావనను నమ్మకండి. అది గుర్తింపు మాత్రమే. 2018లో వచ్చిన చాక్లెట్ రంగు పది రూపాయల నోటు వెనక ఏ కట్టడం ఉంది? ఎన్ని వందలసార్లు పట్టుకుని ఉంటారు! కోణార్క్ సూర్యదేవాలయమని చాలామంది చెప్పలేరు. 1979లో నికర్సన్, ఆడమ్స్ అనే పరిశోధకులు అమెరికన్లను పెన్నీ నాణెం బొమ్మ వేయమంటే వాళ్లకూ సరిగా రాలేదు.

ఇంకా నమ్మకం కుదరకపోతే 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగం చూడండి. విద్యార్థుల్లో ఒక గుంపు పాఠాన్ని నాలుగు విడతలూ చదివింది. ఇంకో గుంపు ఒక విడత చదివి, మూడుసార్లు చూడకుండా రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లకు 83 శాతం గుర్తుంది, రాసినవాళ్లకు 71. వారం తర్వాత చదివినవాళ్లు 40 దగ్గరికి పడిపోయారు, రాసినవాళ్లు 61 దగ్గర నిలబడ్డారు. మీ పరీక్ష ఐదు నిమిషాల తర్వాత కాదు కదా.

కోచింగుల్లో కోడ్‌లు ఇస్తారు, మొదటి అక్షరాలన్నీ కలిపి ఒక వింత పదం. నేను ఇవ్వను. పరీక్షలో కోడ్ గుర్తుండి, అందులో ఏ అక్షరం దేనికో తెలియక ఏడ్చినవాళ్లు నా దగ్గరికి వచ్చారు. మన అవధానులను చూడండి. చేతిలో కాగితం ఉండదు. ఒక్కో పృచ్ఛకుడికి (ప్రశ్న అడిగేవారికి) ఆవృత్తానికో పాదం, అంటే ఒక్కో చుట్టుకు ఒక్కో పాదం చెబుతూ, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి (సంబంధం లేని ప్రశ్నలకు) జవాబిస్తూ, చివర్న ధారణలో పద్యాలన్నీ అప్పజెబుతారు. విడిచిన పద్యాన్ని మళ్లీ మళ్లీ మనసులోంచి పైకి తీసుకోవడమే ఆ సాధన.

4. ఎర్ర పెన్నుతో దిద్దండి

ఇప్పుడు పుస్తకం తెరవండి. వదిలేసినవి, తప్పు రాసినవి ఎర్రగా రాయండి. దిద్దకుండా లేస్తే తప్పే పాతుకుపోతుంది.

5. ఎడం ఇచ్చి మళ్లీ రాయండి

ఆ రాత్రి పడుకునే ముందు, మర్నాడు, నాలుగో రోజు, పదో రోజు, నెలకు ఒకసారి. ప్రతిసారీ ముందు కాగితం, తర్వాతే పుస్తకం. పావ్‌లోవ్ చదివిన పూటే స్కిన్నర్ కార్యసాధక నిబంధనం (చేసిన పనికి దక్కే ఫలితాన్ని బట్టి నేర్చుకోవడం) మొదలుపెట్టకండి. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి వెనకది ముందుదాన్ని చెరిపేస్తుంది, అదే తిరోగమన అవరోధం. మధ్యలో గణితమో, తెలుగు వ్యాకరణమో పెట్టుకోండి. రెండూ విడివిడిగా వచ్చాక, పదో రోజున ఒకే కాగితం మీద పక్కపక్కన రాయండి. ఎర్ర సిరా ఎక్కువ పడ్డ కాగితాలు దాచుకోండి. పరీక్ష ముందు రోజు చూడాల్సింది అవే.